ఊరు మరువని పాట

సంగీతానికి ఎల్లలు లేవని పెద్దలు అంటూ ఉంటారు. సభలలోనూ, వార్షికోత్సవాలలోనూ ఈ మాట వినని వారు మనలో ఉండరు. నేనూ చాలాకాలం దానిని సందేహించకుండా నమ్మాను. కాని నా అనుభవంలో తేలిన విషయం కొంచెం వేరుగా ఉన్నది. తన ఊరి పొలిమేర ఎక్కడ ఉన్నదో బాగా తెలిసిన పాటయే ఆ పొలిమేర దాటి చాలా దూరం వెళ్ళగలుగుతుంది. ఈ సంగతిని నాకు తెలియజెప్పినవారు ఇద్దరు. ఒకరు అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన గాయకుడు జాన్ మెలెన్‌క్యాంప్. రెండవవారు ఖరగ్‌పూర్ రైల్వే కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా నాన్నగారు.

మా ఇల్లు సాలువాలో ఉండేది. ఖరగ్‌పూర్ పట్టణానికి దక్షిణంగా, సైకిలు మీద వెళ్ళిరాగలిగినంత దూరంలో ఉన్న చిన్న ఊరు అది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళం అక్కడ ఉండడంచేత నేపాలీ మాట్లాడే గూర్ఖా కుటుంబాలు ఎన్నో ఆ ఊరిలో స్థిరపడ్డాయి. ఇక ఖరగ్‌పూర్ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. బెంగాల్–నాగ్‌పూర్ రైల్వే కంపెనీవారు అక్కడ జంక్షనునూ, కర్మాగారాన్నీ నెలకొల్పిన నాటినుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలవారు అదే రైలుమార్గం పట్టుకొని బ్రతుకుతెరువు కోసం అక్కడికి చేరుకున్నారు. మథురాకాటీ, నింపురా వంటి రైల్వే కాలనీలలో తెలుగు వినిపించని వీధి ఉండేది కాదు. 1920వ దశకంలో ఆ రైల్వే కార్మికులను సంఘటితం చేసిన వి.వి. గిరిగారు 1969లో రాష్ట్రపతి అయిన ముచ్చటను మా పెద్దలు, తమ ఇంటి శుభకార్యం గురించి చెప్పినట్లు చెప్పేవారు.

అమెరికా అన్న పేరు కూడా ఆ ప్రాంతానికి కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944–45 సంవత్సరాలలో, అమెరికన్ వైమానిక దళంవారి ఇరవయ్యవ బాంబర్ కమాండ్ ఖరగ్‌పూర్‌ను కేంద్రంగా చేసుకొని పనిచేసింది. కలైకుండా, దూధ్‌కుండీ, పియార్డోబా, చాకులియా మైదానాలనుండి బి–29 విమానాలు ఎగిరేవి. వారి ప్రధాన కార్యాలయం నడచిన హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలోనే తరువాతి కాలంలో, 1951లో, మన దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైంది. ఆ సైనికులలో ఎందరు ఇండియానా, అయోవా, కాన్సాస్ పల్లెల రైతుబిడ్డలో ఎవరు లెక్కపెట్టారు? వారు వెళ్ళిపోయిన నాలుగు దశాబ్దాలకు, వారి పల్లెలలో ఒకదాని పాట మా సాలువా వీధికి వచ్చింది.

అది 1987వ సంవత్సరం. నేను కలకత్తాలో డిప్లొమా చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చాను. మా వీధిలో ఒక గూర్ఖా హవల్దారుగారి అబ్బాయి నాకు బాల్యమిత్రుడు. గిటారు చక్కగా వాయించేవాడు. కలకత్తా ఫ్రీ స్కూల్ స్ట్రీటులోని పాత రికార్డుల దుకాణాలలో గంటల తరబడి వెదకి, ఇంగ్లీషు పాటల క్యాసెట్లు తెచ్చుకొనేవాడు. ఆసారి అతడు తెచ్చినది మెలెన్‌క్యాంప్ 1985లో వెలువరించిన ‘స్కేర్‌క్రో’ అనే సంపుటం. స్కేర్‌క్రో అంటే మన చేలలో పిట్టలను బెదరించడానికి నిలిపే దిష్టిబొమ్మయే. నా కోరికపై దానిని 60 నిమిషాల ఖాళీ క్యాసెట్టు మీదికి ఎక్కించి ఇచ్చాడు. పాటలన్నీ కలిపి 40 నిమిషాలకు కొంచెం పైగా ఉండడంచేత ప్రతి ప్రక్కనా చివర కొంత భాగం ఖాళీగా మిగిలిపోయింది. ఆ ఖాళీ గురించి తరువాత చెబుతాను.

జాన్ మెలెన్‌క్యాంప్ 1951 అక్టోబరు 7న ఇండియానాలోని సేమూర్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. పుట్టుకతోనే వెన్నెముకలో లోపం ఉండగా పసితనంలోనే శస్త్రచికిత్స చేశారు. పద్దెనిమిదవ ఏటనే వివాహం చేసుకొని తండ్రి కూడా అయ్యాడు. అటుపిమ్మట పాటలు పట్టుకొని న్యూయార్కు నగరానికి వెళ్ళాడు. అక్కడ అతనికి దొరికిన మేనేజరు టోనీ డిఫ్రీస్ అంతకు పూర్వం డేవిడ్ బౌయీ వంటి ప్రసిద్ధ గాయకుని వ్యవహారాలు చూసిన మనిషి. జర్మన్ మూలాలున్న ‘మెలెన్‌క్యాంప్’ అనే ఇంటిపేరు పలకడానికి మోటుగా ఉన్నదనీ, అమ్ముడు పోదనీ ఆయన అభిప్రాయం. అందువల్ల 1976లో మొదటి సంపుటం బయటికి వచ్చేసరికి దానిమీద పేరు ‘జానీ కూగర్’ అని ఉన్నది. కూగర్ అంటే అమెరికా అడవులలో ఉండే ఒక పెద్ద పిల్లి. ఆ పేరు కుర్రవానికి బొత్తిగా ఇష్టం లేదు. కాని రికార్డు రావాలంటే ఒప్పుకొనక తప్పలేదు. అంత చేసినా ఆ సంపుటం అమ్ముడు పోలేదు.

ఈ పేరు ముచ్చట చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. కారణం ఉన్నది. సింహాద్రి అప్పన్నకు మొక్కుకొని మా తాతగారు పెట్టిన నా పేరులో ‘అప్పల’ అన్నది తొలి సగం. కలకత్తా హాస్టలులో చేరిన మొదటి వారంలోనే ఆ సగాన్ని నేను తీసివేశాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. మేనేజరు లేడు, కంపెనీ లేదు. నోరు తిరగని మోటు పేరని తోటివారు అనుకొంటారేమో అన్న భయం తప్ప మరొకటి లేదు. ఒకనాడు నాన్నగారు డబ్బు ఇవ్వడానికి హాస్టలుకు వచ్చి, వరండా చివరనుండి “అప్పలా!” అని కేక వేశారు. నేను వెంటనే తిరిగి చూడలేదు. మరెవరినో పిలుస్తున్నారన్నట్లు రెండు అడుగులు ముందుకు వేసి, అప్పుడు ఆగాను. ఆయన గ్రహించారో లేదో నాకు తెలియదు. ఆ తరువాత హాస్టలుకు వచ్చినప్పుడల్లా గేటు దగ్గరనే నిలబడి, కాపలాదారుతో కబురు పంపేవారు.

మళ్ళీ గాయకుని దగ్గరకు వస్తాను. 1982లో వచ్చిన ‘అమెరికన్ ఫూల్’ అనే సంపుటంతో అతడు అమెరికా అంతటా ప్రసిద్ధుడయ్యాడు. అందులోని ‘జాక్ అండ్ డయాన్’ అనే పాట ఆ దేశపు జాబితాలో ప్రథమ స్థానానికి చేరింది. అందులో రాజకుమారులు లేరు. నడిదేశపు చిన్న ఊరిలో పెరిగే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, వారి సామాన్యమైన ఆశలు, అంతే. ప్రఖ్యాతి రాగానే అతడు చేసిన మొదటి పని గమనింపదగినది. మరుసటి సంవత్సరపు సంపుటం మీద తన ఇంటిపేరును వెనుకకు తెచ్చి ‘జాన్ కూగర్ మెలెన్‌క్యాంప్’ అని వేయించుకొన్నాడు. 1991 నాటికి ‘కూగర్’ను పూర్తిగా వదిలించుకొన్నాడు. పోగొట్టుకొన్న ఇంటిపేరు సంపూర్ణంగా తిరిగి రావడానికి పదిహేను సంవత్సరాలు పట్టిందన్నమాట.

ఇతని వంటి గాయకుల బాణీని ఆ దేశంలో ‘హార్ట్‌లాండ్ రాక్’ అంటారు. నడినేల పాట అని మనం చెప్పుకోవచ్చు. మిచిగన్‌కు చెందిన బాబ్ సీగర్, న్యూజెర్సీకి చెందిన బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ఫ్లోరిడాకు చెందిన టామ్ పెటీ వంటివారు కూడా ఈ కోవలో చెప్పదగినవారు. వీరందరూ ఒకే ప్రాంతంవారు కారు. అయినా మిల్లులో పనిచేసేవాడు, మూతపడిన కర్మాగారం ముందు నిలబడినవాడు, అప్పులో ఉన్న రైతు, చదువు మధ్యలో ఆపిన కుర్రవాడు వీరి పాటలలో కనిపిస్తారు. గిటారు, డ్రమ్ము, సూటిగా సాగే మాట, ఇవే వీరి సాధనాలు.

వీరిలో మెలెన్‌క్యాంప్ ప్రత్యేకత ఏమిటంటే, అతడు తన ప్రాంతం విడిచి వెళ్ళలేదు. పేరు, ధనం వచ్చిన తరువాత కూడా న్యూయార్కులోనో, లాస్ ఏంజెలెస్‌లోనో కాపురం పెట్టక, ఇండియానాలోని బ్లూమింగ్టన్ పరిసరాలలోనే నివాసం ఏర్పరచుకొన్నాడు. ‘స్కేర్‌క్రో’ను అక్కడి పల్లెలోనే, తన సొంత స్టూడియోలో రికార్డు చేశాడు. అందులోని ‘స్మాల్ టౌన్’ అనే పాట చిన్న ఊరిలో పుట్టి పెరిగినందుకు క్షమాపణ చెప్పుకోదు, గొప్పలూ చెప్పదు. ఉన్నది ఉన్నట్లుగా చెప్పి ఊరుకొంటుంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారము ప్రపంచంలోకెల్లా పొడవైనదని కలకత్తా మిత్రుల దగ్గర గొప్ప చెప్పి, అదే నోటితో సాలువా పేరును దాచిన నాకు ఆ పాట చెంపపెట్టువలె తగిలింది. (ఆ ప్లాట్‌ఫారము ఘనత కూడా 2013లో గోరఖ్‌పూరుకు, 2023లో హుబ్బళ్ళికి పోయింది.)

సంపుటానికి పేరు తెచ్చిన పాట ‘రెయిన్ ఆన్ ద స్కేర్‌క్రో’. దిష్టిబొమ్మ మీద వాన అని అర్థం. మెలెన్‌క్యాంప్ తన చిన్ననాటి స్నేహితుడైన జార్జి గ్రీన్‌తో కలిసి దీనిని వ్రాశాడు. తరతరాలుగా దున్నుకొన్న నేల బాకీ క్రింద పోతూ ఉంటే నిలబడి చూస్తున్న ఒక యువరైతు గోడు ఇందులోని విషయం. ఇది కల్పన కాదు. 1970వ దశకంలో ధాన్యం ఎగుమతులు పెరిగి, భూముల ధరలు ఆకాశాన్ని అంటినప్పుడు అమెరికా రైతులు విరివిగా అప్పులు చేసి భూములు, యంత్రాలు కొన్నారు. ధరల పెరుగుదలను అణచడానికి 1979 తరువాత అక్కడి కేంద్ర బ్యాంకు కఠిన విధానం అవలంబించింది. 1980 డిసెంబరు నాటికి బ్యాంకుల ప్రధాన వడ్డీ రేటు 21.5 శాతానికి చేరింది. అదే సంవత్సరం ఆరంభంలో సోవియట్ యూనియన్‌కు ధాన్యం అమ్మకాలపై ఆంక్షలు విధించారు. పంట ధర పడిపోయింది, భూమి విలువ కూలింది, వడ్డీ మాత్రం పెరిగింది. ఇక మిగిలింది వేలం పాటయే.

పాట వ్రాసి ఊరుకోలేదు మెలెన్‌క్యాంప్. విల్లీ నెల్సన్, నీల్ యంగ్ అనే గాయకులతో కలిసి 1985 సెప్టెంబరు 22న ఇల్లినాయ్ రాష్ట్రంలోని చాంపేన్ నగరంలో ‘ఫార్మ్ ఎయిడ్’ పేరుతో భారీ కచేరీ ఏర్పాటు చేశాడు. కష్టాలలో ఉన్న రైతు కుటుంబాల కోసం 70 లక్షల డాలర్లకు పైగా నిధి సమకూరింది. 1987లో నెల్సన్‌తో కలిసి రైతులను వెంటబెట్టుకొని వెళ్ళి, అమెరికా పార్లమెంటు సభ్యుల ముందు వారి గోడు వినిపించారు. ఆ సంవత్సరమే రైతు రుణాలకు సంబంధించిన చట్టం ఒకటి వచ్చింది. ఫార్మ్ ఎయిడ్ కచేరీలు నలభై ఏళ్ళుగా సాగుతూనే ఉన్నాయి.

ఈ చరిత్ర అంతా నాకు 1987లో తెలియదు. అప్పుడు తెలిసింది పాట ఒక్కటే. ఒక సాయంకాలం వాన పడుతూ ఉండగా మా పెంకుటింటి అరుగు మీద నా మిత్రుడు, నేను టేప్ రికార్డరు పెట్టుకొని వింటున్నాము. నాన్నగారు డ్యూటీనుండి వచ్చి, తడిసిన సైకిలు గోడకు ఆనించి, తల తుడుచుకొంటూ కొంతసేపు నిలబడ్డారు.

“ఏట్రా అది? పాటా, ఏడుపా?” అన్నారు.

నాకు సిగ్గు వేసింది. మిత్రునికి తెలుగు రాదు గనుక ఆ మాట అర్థం కాలేదని సంతోషించాను కూడా. అయినా, ఏమి తోచిందో, పాట ఆపి, ఒక్కొక్క మాటకూ అర్థం చెప్పసాగాను. తాత దున్నిన పొలమనీ, పంట చేతికి రాలేదనీ, అప్పు ఇచ్చినవారే వేలం వేయిస్తున్నారనీ, చేలో దిష్టిబొమ్మ మీద వాన కురుస్తున్నదనీ చెప్పాను. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అరుగు మీద కూర్చున్నారు.

“మన భూమి పోయిననాడూ వానేరా. మీ తాత కళ్ళంలో అలాగే నిలబడిపోనాడు. గొడుగు ఏస్తానన్నా ఏయనీనేదు” అన్నారు. మళ్ళీ కొంతసేపటికి, “ఆడు దొరోడైనా ఆడి తాతకీ అప్పే కాబోలు” అన్నారు.

ఆమదాలవలస స్టేషనులో దిగి నడిచి వెళ్ళవలసిన పల్లె మాది. మాకు అక్కడ ఒకప్పుడు రెండెకరాలు ఉండేదనీ, అది పోయిన తరువాతనే నాన్నగారు పందొమ్మిదవ ఏట రైలెక్కారనీ నాకు అంతవరకు పైపైన మాత్రమే తెలుసు. తాతగారి గొడుగు సంగతి నాకు తెలియదు. పందొమ్మిదేళ్ళు కొడుకుకు చెప్పని విషయాన్ని ఆయన ఎవరో ముక్కూమొహం తెలియని అమెరికావాడి పాట విని చెప్పారు.

అంతటితో ఆగలేదు. ఆ రాత్రి భోజనాలైన తరువాత ఆయన తనంతట తానే ఒక పాట ఎత్తుకొన్నారు. వరికోతల పాట. ఒకరు అందుకొంటే మిగిలినవారు వంత పాడుతూ వరుసగా ముందుకు సాగేటప్పుడు పాడుకొనేది. మా ఇంట్లో వంత పాడేవారు లేరు. అమ్మ మాత్రం వంటగదినుండి సన్నగా గొంతు కలిపింది. సైరనుకు లేచి, సైరనుకు వచ్చే మనిషి గొంతులో అటువంటి పాట ఉన్నదని నేను ఊహించలేదు. నా మిత్రునికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా అతడు గిటారు ప్రక్కన పెట్టి, కదలకుండా విన్నాడు. పాట పూర్తికాగానే, క్యాసెట్టు చివర ఖాళీ ఉన్నది కదా, ఇంకొకసారి పాడమను, రికార్డు చేద్దామని హిందీలో నాతో అన్నాడు.

“మరోసారి చూద్దాంలే” అన్నాను నేను.

ఎందుకు అలా అన్నానో నాకు తెలుసు. అమెరికా పాటల ప్రక్కన నాన్నగారి పాట ఉంటే, హాస్టలులో ఎవరైనా వింటే ఏమనుకొంటారో అని. ఇంతకన్న మరే కారణమూ లేదు.

తరువాత 1991లో ఉద్యోగరీత్యా విశాఖపట్నం వచ్చాను. అక్కడ మరొక పాఠం నా కోసం సిద్ధంగా ఉన్నది. వంగపండు ప్రసాదరావుగారి పేరు మన పాఠకులకు పరిచయం చేయనక్కరలేదు. పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో 1943లో జన్మించిన ఆయన విశాఖ నౌకా నిర్మాణ కేంద్రంలో ఉద్యోగం చేస్తూ పాటలు కట్టినవారు. అంటే మనవలె కార్డు కొట్టి లోపలికి వెళ్ళిన మనిషి. 1972లో ఏర్పడిన జననాట్యమండలి వ్యవస్థాపకులలో ఒకరు. ఆయన రాజకీయాలతో మనకు ఏకీభావం ఉండవచ్చు, లేకపోవచ్చు. ఆ చర్చకు ఇది వేదిక కాదు. నేను చెప్పదలచినది ఆయన భాష గురించి. కాలికి గజ్జె కట్టి ఆయన వేదిక ఎక్కితే, నేను హాస్టలు గేటు దగ్గర దాచిపెట్టిన మాటే, మా నాన్నగారు అరుగు మీద మాట్లాడిన ఆ ఉత్తరాంధ్ర మాటే, వేలమంది ముందు తలెత్తుకొని నిలబడేది. జనం దానికి నవ్వలేదు, గొంతు కలిపారు.

ఇండియానా గాయకునికీ, మన వంగపండుగారికీ పోలిక తేవడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. ఒకరు రికార్డు కంపెనీల మధ్య, మరొకరు ఉద్యమాల మధ్య బ్రతికారు. ఒకరికి కోట్లలో రాబడి, మరొకరికి అది లేదు. కాని ఇద్దరూ తమ తాతల మాటను మార్చి పాడలేదు. 2020 ఆగస్టు 4న వంగపండుగారు కన్నుమూసినది పార్వతీపురంలోనే, తన సొంత సీమలోనే.

మెలెన్‌క్యాంప్ 1987లో వెలువరించిన ‘ద లోన్‌సమ్ జూబిలీ’ అనే సంపుటంలో రాక్ సంగీతపు వాద్యాలతోపాటు వయొలిన్‌నూ, చేతి హార్మోనియం వంటి అకార్డియన్‌నూ వాడాడు. అవి అక్కడి పల్లెల విందులలో తాతముత్తాతలు వాయించుకొన్న వాద్యాలు. పాత వాద్యం కలిపితే పాట పాతబడుతుందని భయపడిన వారికి ఆ సంపుటం విజయమే సమాధానం. 1994లో గుండెపోటు వచ్చి కొంతకాలం కచేరీలు మానవలసి వచ్చింది. 2008లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వారు ఆయనను తమ గౌరవ శ్రేణిలో చేర్చుకొన్నారు. ఆయన జీవితంలో తప్పటడుగులు లేవని కాదు. వ్యాపార ప్రకటనలకు పాటలు ఇవ్వడాన్ని చాలాకాలం వ్యతిరేకించిన మనిషే, 2006లో ఒక మోటారు వాహనపు ప్రకటనకు ‘అవర్ కంట్రీ’ అనే పాటను ఇచ్చి అభిమానుల విమర్శకు గురి అయ్యాడు. మనుష్యులన్న తరువాత ఇటువంటివి ఉంటాయి. నావంటివాడు ఆయనను తప్పు పట్టగలిగిన స్థితిలో లేడు.

ఎందుకంటే, ఆ ‘మరోసారి’ రాలేదు. వచ్చే అవకాశం పదేళ్ళకు పైగా ఉన్నది. నాన్నగారు పదవీ విరమణ చేసి సాలువాలోనే ఉండేవారు. నేను సంవత్సరానికి ఒకసారి, రెండుసార్లు వెళ్ళేవాడిని. ప్రతిసారీ షిఫ్టుల సంగతి, క్వార్టరు సంగతి, పిల్లల చదువుల సంగతి మాట్లాడుకోవడంతోనే సెలవు అయిపోయేది. ఒకసారి టేప్ రికార్డరు తీసుకొని వెళ్ళాను కూడా. ఇంటినిండా బంధువులు ఉన్నారని ఊరుకొన్నాను. 2001లో ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మూడు సంవత్సరాలు మంచం మీద ఉన్నారు. నేను ప్రక్కన కూర్చొని, నాకు జ్ఞాపకమున్న రెండు చరణాలు తప్పుతడకగా పాడితే, ఆయన కుడిచేతి వ్రేళ్ళు దుప్పటి మీద తాళం వేసేవి. మూడవ చరణం దగ్గర నేను ఆగిపోయేవాడిని. ఆయన పెదవులు కదిలేవి. మాట వచ్చేది కాదు. 2004లో ఆయన వెళ్ళిపోయారు.

కర్మకాండలు అయిన తరువాత మా పల్లెకు వెళ్ళాను. ఎనభై ఏళ్ళు దాటిన మా మేనత్త అప్పటికి ఉన్నది. పాట సంగతి అడిగితే, పళ్ళు లేని నోటితో మొత్తం పాడింది. విని నేను ఉప్పొంగిపోయాను. అయితే ఆమె తల అడ్డంగా ఊపి, “ఇది ఆడోళ్ళ వరస నాయినా. మీ అయ్యది మగోళ్ళ వరస. అది ఏరు” అన్నది. మగవారి వరుస తెలిసినవారు ఊరిలో ఎవరూ మిగలలేదు. కోతలకు యంత్రాలు వచ్చాయి.

అత్త పాడినదానిని ఈసారి మాత్రం వాయిదా వేయలేదు. వెంట తీసుకొని వెళ్ళిన పాత క్యాసెట్టులోనే, మెలెన్‌క్యాంప్ పాటలు ముగిసిన తరువాత మొదటి ప్రక్కన మిగిలిన ఖాళీలో, రికార్డు చేసుకొన్నాను. రెండవ ప్రక్క చివరి ఖాళీని అలాగే ఉంచాను. అది నాన్నగారిది. అప్పుడప్పుడు ఆ ప్రక్కను కూడా చివరిదాకా విడిచిపెడతాను. టేపు తిరుగుతున్న చప్పుడు తప్ప అందులో ఏమీ వినిపించదు.

అదే సంవత్సరం నేను కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకొని, నా పేరుకు ముందు ‘అప్పల’ను మళ్ళీ చేర్పించుకొన్నాను. గెజెట్ ప్రకటన, అఫిడవిట్టు, భవిష్యనిధి పత్రాలు, బ్యాంకు పుస్తకం, అన్నీ మార్చడానికి చాలా నెలలు పట్టింది. ఈ వయస్సులో ఈ శ్రమ ఎందుకని తోటి ఉద్యోగులు అడిగారు. అమెరికాలో ఒకరికి పదిహేను సంవత్సరాలు పట్టిందని చెప్పి నవ్వి ఊరుకొన్నాను.

ఇదంతా ఈ పత్రికలో వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. మన టౌన్‌షిప్‌లో ఉన్నవారందరమూ ఏదో ఒక ఊరు విడిచి వచ్చినవారమే. కొందరు ఉద్యోగం కోసం ఊరు విడిచారు. మరికొందరి ఊరే కర్మాగారం కోసం లేచిపోయింది. మనం ఉదయం నడిచే ఈ రోడ్డు క్రింద ఒకనాడు ఎవరి కళ్ళం ఉండేదో, అందులో ఎవరు పాడారో, వారి పిల్లలు మన ప్రక్క విభాగంలోనే పనిచేస్తూ ఉండవచ్చు. మన పిల్లలు ఇప్పుడు సెల్‌ఫోనులో లోకంలోని పాటలన్నీ వింటున్నారు. విననివ్వండి. వాటిలో ఏ పాట ఏ ఇంటి తలుపు తడుతుందో మనకు తెలియదు. ఇండియానా పాట మా నాన్నగారి నోరు తెరిపించింది.

నేను కోరేది ఒక్కటే. ఈసారి సెలవుపై వెళ్ళినప్పుడు, మీ ఇంట్లో పెద్దవారు ఇంకా పాడగలిగి ఉంటే, కథ చెప్పగలిగి ఉంటే, ప్రక్కన కూర్చొని అడగండి. ఇప్పుడు క్యాసెట్టు కూడా అక్కరలేదు, జేబులోని ఫోను చాలు. బంధువులు ఉన్నారని ఆగవద్దు. భాష మోటుగా ఉన్నదని సంకోచించవద్దు. మగవారి వరుస, ఆడవారి వరుస రెండూ అడిగి తీసుకోండి. నాకు వచ్చే సంవత్సరం పదవీ విరమణ. ఆ తరువాత సాలువాకు వెళ్ళి, ఆ మిత్రుని ఇంటి అరుగు మీద కూర్చొని, అతని గిటారుతో మా అత్త పాట ఒకసారి పాడాలని ఉన్నది. మూడవ చరణం ఇప్పుడు తప్పకుండా వస్తుంది, వరుస మాత్రం వేరు.